స్తంభం పక్కన చోటు

"ఆవిడ కదలనంటున్నారండీ," అంటూ మేస్త్రి ఒగర్చుకుంటూ గట్టెక్కాడు.

ఇంజనీరు తల పట్టుకున్నాడు.

అవతల ఇసుక నింపిన లారీలు పదహారు బారులు తీరి ఉన్నాయి. అవి కొత్త వంతెన మీదికెక్కి గంటసేపు నిలబడాలి. ఆ బరువుకి వంతెన ఇరవై మిల్లీమీటర్లకు మించి కుంగకూడదు. కుంగిందా, ఆరేళ్ళ కష్టం ఏట్లో కలిసినట్టే.

ఇంత పరీక్ష పెట్టుకుని కూర్చుంటే, ఎవరో ముసలావిడ వచ్చి సరిగ్గా వంతెన కిందే, నడిమి స్తంభం పక్కన మడతకుర్చీ వేసుకుంది. ఎండాకాలం కావడంతో అక్కడంతా పొడి ఇసుకే.

"అసలు లోపలికెలా రానిచ్చారయ్యా?"

"వంతెన చూట్టానికొచ్చానన్నారటండీ. కాపలావాడి దగ్గర హెల్మెట్ కూడా అడిగి మరీ పెట్టుకున్నారు."

ఇక లాభం లేదని ఇంజనీరే కిందికి దిగాడు.

"మామ్మగారూ, లేవండి. కాసేపట్లో పైన లారీలెక్కుతాయి."

"ఎక్కనీ నాయనా. నాకేం అడ్డు?"

"వంతెనకేమైనా అయితే?"

"ఏమైనా అవుతుందా?"

"ఛఛ! ఏమీ కాదు."

"మరి నన్నెందుకు లేపుతున్నావు?"

ఇంట్లో భార్యతో వాదించినప్పుడు కూడా ఇంజనీరు ఇంత త్వరగా ఓడిపోలేదు.

"రూల్సు ఒప్పుకోవు మామ్మగారూ."

"నిన్ను ఒప్పుకుంటాయా?"

"నన్నెందుకు ఒప్పుకోవు? కట్టింది నేనే కదా!"

"అయితే నువ్వూ కూర్చో. నేను నీతో వచ్చినదాన్నని రాసుకో."

ఇంజనీరుకి పంతం వచ్చేసింది. స్తంభం దిమ్మ మీద చతికిలబడి, పైకి కేకేశాడు.

"లారీలు వదలండి!"

"సార్, మీరు పైకి రారా?" మేస్త్రి గట్టు మీంచి తొంగిచూశాడు.

"రాను పో!"

మొదటి లారీ ఎక్కింది. తర్వాత రెండోది. ముసలావిడ తలెత్తి, వంతెన అడుగుని ఆ చివర నుంచి ఈ చివరకి తీరిగ్గా చూసింది.

"బాగా కట్టావు నాయనా."

అంతే, ఇంజనీరుకి ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది.

"ఇదేం బాగు మామ్మగారూ! నేను మొదట గీసిన బొమ్మ చూడాలి మీరు. ఈ స్తంభమే లేదు. ఆ గట్టు నుంచి ఈ గట్టుకి ఒక్క గెంతు! లోకమంతా వచ్చి చూసి వెళ్ళేది."

"మరేమయింది?"

"ఎర్రసిరా!"

"అదెవరు?"

"పెద్దాఫీసులో లెక్కలు సరిచూసే మహానుభావుడు. పేరెవరికి తెలుసు? తొమ్మిదిసార్లు బొమ్మ పంపాను. తొమ్మిదిసార్లూ ఎర్రసిరాతో ఒకటే ముక్క, 'మధ్యలో స్తంభం వేయండి' అని. చివరికి వేసి చచ్చాను. చల్లగా ఫ్యాను కింద కూర్చుని నా వంతెనకి ఊతకర్ర తగిలించాడు మామ్మగారూ!"

"పొట్టిగా, బట్టతలతో ఉంటాడేమో," అంది ముసలావిడ జాలిగా.

"ఆ! అజీర్తి కూడా ఉండే ఉంటుంది."

ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు.

పన్నెండో లారీ ఎక్కేసరికి పైన ఎక్కడో కిర్రుమంది. ముసలావిడ ఏమీ విననట్టే ఫ్లాస్కు మూత తిప్పుకుంటోంది.

"ఏం నాయనా, ఊతకర్రని అలా వాటేసుకున్నావేం?"

ఇంజనీరు చూసుకున్నాడు. నిజమే! చేతులు చాలకపోయినా, రెండూ బార్లా చాపి స్తంభాన్ని కరుచుకుని ఉన్నాడు. ముందు సిగ్గుపడ్డాడు. తర్వాత నవ్వాపుకోలేకపోయాడు.

నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, ఎవరికీ చెప్పని మాట చెప్పాడు.

"నిజం చెప్పనా మామ్మగారూ? పైన ఉన్నది నా మొదటి బొమ్మలోని వంతెనే అయితే, నేనిక్కడ కూర్చునేవాణ్ణి కాదు."

ఆవిడ టీ పోసి అతని చేతికిచ్చింది.

"ఆ ఎర్రసిరా కనబడితే ఏం చేస్తావు?"

"పొద్దున్నయితే కొట్టేవాణ్ణే. ఇప్పుడు కనబడితే మాత్రం చెయ్యి పట్టుకుని ఈ మాటే చెప్తాను. పాపం, ఆయనకి ఎవరూ చెప్పి ఉండరు."

"చల్లారిపోతుంది, తాగు," అంది ఆవిడ.

గంట గడిచింది. గట్టు మీద కొలత చూస్తున్న మేస్త్రి ఎగిరి గంతేశాడు.

"పదకొండు! పదకొండే కుంగింది సార్!"

లారీలన్నీ ఒక్కసారిగా హారన్లు మోగించాయి. ఇంజనీరు హెల్మెట్ గాల్లోకి విసిరి, గట్టు మీదికి పరుగెత్తాడు. కూలీలు అతన్ని భుజాలకెత్తుకుని వంతెన ఆ చివరి దాకా ఊరేగించారు. లారీలు దిగిపోయాక వంతెన బుద్ధిగా మళ్ళీ తన చోటికి తను లేచింది.

అప్పుడు గుర్తొచ్చింది అతనికి.

"మామ్మగారేరి? వంతెన మీద మొదట నడవాల్సింది ఆవిడే!"

"బస్సెక్కి వెళ్ళిపోయారండీ," అన్నాడు మేస్త్రి. "'ఇన్నేళ్ళకి నా పక్కన కూర్చునే ఇంజనీరు దొరికాడు' అని ఒకటే మురిసిపోయారు. నాకేమీ అర్థం కాలేదు."

ఇంజనీరుకీ అర్థం కాలేదు.

అంతలో పెద్దాఫీసు గుమాస్తా జీపు దిగి, చుట్టూ వెతుక్కుంటూ వచ్చాడు.

"మా అమ్మగారు వెళ్ళిపోయారా? అయ్యో, నిన్ననే రిటైరయ్యారు, సన్మానానికి తీసుకెళ్దామని వచ్చాను."

"ఏ అమ్మగారు?"

"అదేనండీ, మీ బొమ్మల మీద ఎర్రసిరాతో రాసే ఆవిడ. తను సంతకం పెట్టిన వంతెన ఏదైనా సరే, మొదటి బరువెక్కే రోజున దాని కిందే కూర్చుంటారు."