నీళ్ళకు దారి విడిచిన కట్ట

"పోయిందర్రోయ్! కట్ట మళ్ళీ కొట్టుకుపోయింది!" అని ఉడత పెట్టిన కేకకు గూడెమంతా వాగు దగ్గరికి పరుగెత్తింది.

కొండమీది గూడెం కదండీ, కట్ట మీదుగా వాగు దాటితేనే తిండి. దుంపలకని పొద్దున్నే వెళ్ళిన కుందేలమ్మ అవతలి ఒడ్డున చిక్కుకుపోయింది. ఇవతల ఆమె నలుగురు పిల్లలూ ఆకలికి ఒకటే ఏడుపు.

"ఈసారి చీమ దూరే సందు కూడా లేకుండా మట్టి కూరతా!" అన్నాడు పందికొక్కు మేస్త్రీ. పాపం, మూడేళ్ళుగా ఆయన అంటున్నది అదే!

బురదలోంచి ఎండ్రకాయ బయటికొచ్చింది. "సందు లేకపోబట్టే పోయింది తమ్ముడూ. అడుగున తూములు వదులు. నీళ్ళ దారిన నీళ్ళు పోతాయి."

"నడిచేదే అడ్డంగా, నువ్వా మాకు దారి చెప్పేది!" అని ఉడత పడీపడీ నవ్వింది.

"నవ్వుకో. నా బొరియకు రెండు వాకిళ్ళు. ఒకదాంట్లో దూరిన నీళ్ళు రెండోదాంట్లోంచి పోతాయి. వాగు నా ఇల్లు ఒక్కసారైనా కూల్చిందా?"

మేస్త్రీ మీసాలు దువ్వుకున్నాడు. పిల్లల ఏడుపు విన్నాడు. "వెదురు బొంగులు పట్రండి!" అన్నాడు.

బొంగులు పరిచి, పైన రాళ్ళు పేర్చి, సందుల్లో మట్టి మెత్తారు. ఇంతలో పైన వాన పడి వాగు పొంగింది. నీళ్ళు బొంగుల్లోంచి బుడబుడమంటూ అవతలికి దూకాయి. కట్ట కదల్లేదు! కుందేలమ్మ మూటతో గెంతుకుంటూ వచ్చేసింది.

అందరూ గుండ్రంగా కూర్చుని దుంపలు పంచుకున్నారు. మేస్త్రీ ఎండ్రకాయ పక్కనే చేరి, "అక్కా, పై వంపులో ఇంకోటి కడదామా?" అన్నాడు.

"ముందు తిననియ్యి నాయనా!" అంది ఎండ్రకాయ.