మామూలుకొచ్చిన షుగరు

పదేళ్లలో మొదటిసారి సెర్వాకి షుగరు మామూలుగా వచ్చింది. కుమాసి సంతలో షుగరుకి చేదాకుల కషాయం అమ్మే మనిషి, మా క్లినిక్కులోనే చిందులేసింది.

"నర్సమ్మా, నెలరోజులుగా నా కషాయమే తాగుతున్నా. నీ మాత్రలు మేకలకి వేసుకో!"

అంతలోనే చెమటలు పట్టి కూలబడింది. మళ్లీ వేలు పొడిచి చూశాను. ఇంకా దిగింది.

"చూశావా, నా మందంటే ఏమనుకున్నావు?" అని గొణిగింది.

గ్లూకోజు ఎక్కిస్తూ ఆమె కనురెప్ప కిందికి లాగాను. కన్ను పచ్చగా ఉంది. రోగం తగ్గలేదు. తిండి లేని వేళ ఒంటికి చక్కెర అందించే కాలేయమే చేతులెత్తేసింది.

నిన్న మా అమ్మకీ షుగరు మామూలుగా వచ్చింది. ఆ సంబరంలో సెర్వా దగ్గర ఇంకో సీసా కొని, నా చేత్తోనే తాగించాను.