అగ్గిపెట్టెంత డబ్బా

మెకానిక్ ఎల్లేశ్ స్టీరింగును ఎడమకి తిప్పి ఒక స్క్రూ, కుడికి తిప్పి ఇంకోటి ఊడదీశాడు. కింది కవరు టప్పున చేతిలో పడింది. లోపల వైర్ల మధ్య అగ్గిపెట్టెంత డబ్బా ఎర్రగా మినుకుమంటోంది.

ఎల్లేశ్ గుండె జారి బూట్లలో పడింది. డబ్బాకున్న నల్లటేపు తను చుట్టిందే.

"స్టీరింగు తిప్పితే కిర్రుమన్నది గిదేనమ్మా. ఊడొచ్చి రాసుకుంటున్నది."

"ఏంటండీ అది?" అంది కారు రిపేరుకు తెచ్చిన దేవిశ్రీ.

"కారు యాడుందో ఫోన్ల చూపెడ్తది. దసరాకు మీ సారే పెట్టిచ్చిండు, దొంగల భయమని. మీకు ఎర్కలేదా?"

దేవిశ్రీ మోచేతి మీది కమిలిన మచ్చను చున్నీతో కప్పుకుంది. "ఎక్కడికెళ్లినా ఆయనకి తెలిసిపోయేది. ఆఫీసులో రేణుకే చెబుతోందనుకుని దానితో మాట మానేశాను."

అంతలో ఆమె ఫోన్ మోగింది. భర్త.

"నానక్‌రామ్‌గూడలో ఏం పని నీకు?"

ఆ గొంతుకి షెడ్డు రేకులు కూడా వణికాయంటే నమ్మాలి.

"కారు రిపేరండి."

"కదలకు. గంటలో వస్తున్నా."

ఫోన్ పెట్టేసి, "పీకెయ్యండి దాన్ని" అంది దేవిశ్రీ.

"వద్దమ్మా." ఎల్లేశ్ డబ్బాకి కొత్త టేపు చుట్టి, కవరు మూసి, స్క్రూలు బిగించాడు. "ఆయన ఫోన్ల కారు ఈడ్నే కనవడాలె. కారు కదలదు. మీరు కదులుండ్రి. సారుకు నేను జవాబు చెప్త."

దేవిశ్రీ రేణుక నంబరు నొక్కింది. "రేణుకా, స్కూటీ మీద వచ్చి నన్ను తీసుకెళ్తావా?"

అటునుంచి ఒక్క నిష్ఠూరమైనా రాలేదు.

"యాడున్నవే?" అంది రేణుక.

ఆ మాట తనని ఎవరైనా అడిగి ఎన్ని నెలలైందో. దేవిశ్రీ ఏడుస్తూ చెప్పింది.