ఇనప స్టాండు

తొమ్మిదో బంతి కూడా రెండు స్తంభాల మధ్య నుంచి చక్కగా దూసుకుపోయింది.

ట్రెంట్ మరో కోలబంతిని ఇనప స్టాండులో నిలబెట్టాడు. శనివారం కోచ్ పెట్టే పరీక్షలో నెగ్గితేనే యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో కిక్కరు చోటు, అంటే బంతిని ఆ స్తంభాల మధ్యకి తన్నేవాడి చోటు. లేకపోతే ఈ ఏడాది కూడా బెంచీయే గతి.

"భేషుగ్గా కొడుతున్నావు బాబూ!" మైదానంలో తెల్లగీతలు వేస్తున్న ముసలాయన బండి ఆపాడు. "కానీ ఆ స్టాండు కదలదు, మెదలదు. మ్యాచ్‌లో బంతి పట్టేది మనిషి కదా? ముందున్నవాడు వెనక్కి విసిరింది అతను అందుకుని, నేలకి ఆన్చేలోపే నువ్వు అడుగు వెయ్యాలి."

"తెలుసు తాతా. పట్టేవాడేడీ? ఎవరి ప్రాక్టీసు వాళ్ళది."

"నేను లేనూ?"

ముసలాయన గడ్డిలో మోకాలు ఆన్చి చెయ్యి చాచాడు. చూపుడువేలు వంకరపోయి ఉంది.

ట్రెంట్‌కి నవ్వాగలేదు. "ఆ వేలితోనా!"

"బంతి మీద ఒక్క వేలు ఆనితే చాలురా అబ్బాయ్."

"తన్ను తప్పిందంటే అదీ విరుగుతుంది. ఆ పాపం నాకెందుకు?"

"విరగడం దానికి కొత్తా ఏమిటి?"

"చాల్లే తాతా, నీ గీతలు నువ్వు గీసుకో."

ముసలాయన ఏమీ అనుకోలేదు. మోకాళ్ళు దులుపుకుని బండి తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

శనివారం మైదానంలోకి వెళ్తూ ట్రెంట్ నడవాలోని ఫొటో దగ్గర ఆగాడు. యాభై ఏళ్ళ కిందట ఆఖరి నిమిషంలో కప్పు తెచ్చిన కిక్కు అది. ఆ కిక్కరు బూటుని తాకి వెళ్ళడం ఇక్కడి ఆనవాయితీ. తాకీ తాకీ అక్కడ అద్దం మసకబారింది. ట్రెంట్ కూడా తాకాడు.

బంతి పట్టడానికి జట్టులోని కుర్రాడొకడు కూర్చున్నాడు. విసిరిన బంతి రవ్వంత ఆలస్యంగా నిలబడింది. కదలని స్టాండుకి అలవాటుపడ్డ కాలు అప్పటికే లేచిపోయింది.

మూడింట్లో ఒక్కటే లోపల పడింది.

"తరవాత ఎవరు?" అన్నాడు కోచ్.

ట్రెంట్ తలొంచుకుని నడవాలోకి వచ్చాడు. ఏడుపొస్తోంది. ఈ బూటుని ఎన్నిసార్లు తాకాడు! ఏం లాభం?

మొదటిసారి అతని చూపు బూటు ముందున్న బంతి మీదికి జారింది. ఎవరో మోకాలు ఆన్చి దాన్ని పట్టుకున్నారు. ఫ్రేము అంచు మొహాన్ని కోసేసింది. కింద కిక్కరు పేరు తప్ప ఇంకో పేరు లేదు.

బంతి కొసమీద ఆనించిన ఆ చూపుడువేలు మాత్రం వంకరపోయి ఉంది.