ఏటి మీద ఎర్రమరక

ఆ ఉదయం మబ్బులు విడిపోయి ఏటి మీద పలచగా ఎండ పరుచుకుంది. నీళ్లలో ఎర్రటి మరక కనబడగానే, రంగుల ఫ్యాక్టరీవాళ్లు మళ్లీ వదిలారనుకున్నాడు నూకయ్య. ఈ రోజుల్లో ప్రతి గాలానికీ ఉండే బెండు, విషం తగిలితే ఎర్రగా, లేకపోతే పచ్చగా వెలుగుతుంది. ఈ ఏట్లో తొమ్మిదేళ్లుగా ఎరుపే. మరకలోకి గాలం విసిరి చూస్తే ఇవాళ పచ్చగా వెలిగింది. వెంటనే కొర్రమీను పడింది.

"నీళ్లు బాగుపడ్డాయే పైడీ! అది రంగు కాదు, దీని పిల్లల గుంపు."

"అయితే ఇలగియ్యి, పులుసెడతాను. సేప తిని తొమ్మిదేళ్లయింది," అంది పక్కనున్న పెళ్లాం.

"కాపలాకి ఇది లేకపోతే ఒక్క పిల్లా బతకదే."

"నువ్వేటి, ఏటికి మంత్రసానివా?" అంటూనే పైడితల్లి చేప నోట్లోంచి గాలం మెల్లగా విప్పి, పిల్లల మధ్యకి వదిలింది.

ఆ ఎర్రటి గుంపు ఎటు కదిలితే అటే చూస్తూ, ఇద్దరూ గట్టున కూర్చుని, తెచ్చుకున్న చోడి అంబలి తాగారు.