తెల్ల పళ్లెం

"అబద్ధం!" అంటూ జెరెమియాస్ లేచి నిలబడ్డాడు.

జీడిమామిడి చెట్టు కింద కూర్చున్న జాలర్లూ, బురదలో గుల్లలు ఏరే ఆడవాళ్లూ అందరూ తలలు తిప్పి చూశారు. ఏడాదికోసారి చేపల శాఖ నుంచి వచ్చే ఓతీలియా మేడమ్ చేతిలో పుస్తకంతో అలాగే ఆగిపోయింది.

"ఏది అబద్ధం, బాబాయ్?"

"మన ఇన్యంబానె అఖాతంలో నీళ్లు ఎప్పటిలాగే తేటగా ఉన్నాయని చదివావే, అది. వారం వారం పడవేసుకుని వెళ్లి చూసేది నువ్వా, నేనా?"

చూసేది జెరెమియాసే. పదకొండేళ్లుగా ప్రతి గురువారం పొద్దున తాడు కట్టిన తెల్ల పళ్లేన్ని అఖాతంలోకి దింపుతాడు. అది మాయమైన చోట ఆపి, తాడుకున్న ముడులు లెక్కపెట్టి చెప్తాడు. అర మీటరుకో ముడి. బడి మొహం చూడనివాడు గనక అంకె పుస్తకంలోకి ఎక్కించేది భార్య ఫెలిష్మీనా. నీళ్లు ఎంత తేటగా ఉంటే పళ్లెం అంత లోతు దాకా కనిపిస్తుంది. శాఖ వాళ్లకు కావలసింది ఆ లెక్కే.

"పోయిన గురువారం ఎంత చెప్పాను? నాలుగు ముడులు! మూడేళ్ల కిందట పదకొండు ఉండేవి. అఖాతం చచ్చిపోతోంది మేడమ్, మీరేమో బాగుందంటున్నారు!"

ఓతీలియా పేజీ తిప్పింది. "ఇక్కడ పదకొండే ఉంది బాబాయ్. పిన్ని చేతిరాతే."

"కొబ్బరి కల్లు ఎక్కువైనట్టుంది, ముడులన్నీ కలిసిపోయాయి!" అన్నాడెవడో వెనక నుంచి. అందరూ గొల్లున నవ్వారు.

జెరెమియాస్ నవ్వలేదు. భార్య వంక చూశాడు. ఫెలిష్మీనా నేల చూపులు చూస్తోంది.

ఇంటికి పోయే ఇసుక దారిలో అతనే ముందు నోరు విప్పాడు.

"ఎవరు రాయించారు?"

"ఎవరూ రాయించలేదయ్యా."

"ఆ ఒడ్డు మొన మీద హోటల్ కడుతున్నవాళ్లేనా? వాళ్లొచ్చాకే కదా ఇదంతా. ఆ సిమెంటు దుమ్ముకి అవతలి ఒడ్డున మషీషె ఊరు కూడా సరిగ్గా కనపడి చావడం లేదు. నీళ్లు చూస్తే గంజి కలిపినట్టున్నాయి. వాళ్ల మేస్త్రీ పెళ్లాంతో నీకు మాటలెక్కువయ్యాయి, నేను చూడలేదనుకోకు."

"ఆ అమ్మాయికి కర్రపెండలం ఆకుల మతాపా కూర వండడం నేర్పాను. అదీ తప్పేనా?"

"మరి అంకెలెందుకు మార్చావు?"

"గుల్లలు బాగానే దొరుకుతున్నాయిగా మా ఆడవాళ్లకి," అంది మెల్లిగా.

"ఆఖరి గుల్లలవి. ఏరుకోండి."

ఆ మాట అనేసి అతనే బాధపడ్డాడు. ఆ నీళ్లలోనే ఈత నేర్చుకున్నాడు. అడుగున పచ్చగా ఊగే గడ్డినీ, దాన్ని తోకతో పట్టుకుని వేలాడే సముద్రపు గుర్రాలనీ చూస్తూ పెరిగాడు. ఆ గడ్డి కనిపించక ఏడాది దాటింది. మొత్తం కుళ్లిపోయి ఉంటుందనుకున్నాడు. ఒకరోజు పడవలో ఒంటరిగా కూర్చుని, అయినవాళ్లు పోయినట్టు ఏడ్చాడు కూడా. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఇంటికొచ్చాక ఫెలిష్మీనా వేడి వేడి కొబ్బరన్నం ముందు పెట్టింది. అతను పక్కకు జరిపేశాడు.

"ముప్పై ఎనిమిదేళ్ల కాపురం. ఎప్పుడైనా నాతో అబద్ధమాడావా అని దారంతా వెతుక్కుంటూ వచ్చాను. ఒక్కటీ దొరకలేదే. అందుకే తట్టుకోలేకపోతున్నాను."

ఫెలిష్మీనా కొంగుతో కళ్లొత్తుకుంది.

"రేపు ఎలాగూ గురువారమే," అన్నాడతను. "ఓతీలియాని పడవలో తీసుకుపోతాను. తనే చూస్తుంది."

"వద్దు!" ఆమె ఉలిక్కిపడింది. "ఆ పిల్ల వచ్చిందంటే నిన్నీ పనిలోంచి తీసేస్తారు."

"నిజం చెప్పినందుకా?"

"ముందు మనిద్దరం వెళ్దాం. అప్పటికీ పిలవాలనిపిస్తే నేనే వెళ్లి పిలుచుకొస్తాను. ఇన్నేళ్లలో నిన్నేమన్నా అడిగానా? ఇదొక్కటీ విను."

తెల్లారేసరికి గాలి పడిపోయి సముద్రం కుదురుగా ఉంది. జెరెమియాస్ గెడ వేసుకుంటూ, పళ్లెం దింపే చోట పాతిన గురుతు కర్ర దాకా పడవ నడిపాడు. పడవ ఆపి, పళ్లెం అందుకుని, నీళ్లలోకి వదిలాడు. ఒకటి. రెండు. మూడు. తాడు మెల్లగా జారుతోంది. నాలుగో ముడి వేళ్లకు తగలగానే పట్టు బిగించాడు.

"పోయింది." అతను ఆమె వైపు తిరిగాడు. "చూశావా? నాలుగే. ఇప్పుడు రాయి. ఎంత రాస్తావో నా ఎదురుగా రాయి."

ఫెలిష్మీనా పుస్తకం తెరవలేదు. జాగ్రత్తగా జరుగుతూ వచ్చి అతని పక్కన కూర్చుంది. నీళ్లలోకి వంగి, తాడు మీదున్న అతని చేతిని తన చేత్తో పట్టుకుంది.

"వదులు," అంది.

"ఎందుకు? ఇంకేముందని?"

"వదులయ్యా."

తాడు మళ్లీ జారింది. అయిదు. ఆరు. జెరెమియాస్ ఆమె మొహంలోకి చూశాడు. ఆమె నీళ్ల మీంచి చూపు తిప్పలేదు. ఎనిమిది. తొమ్మిది. పది. పదకొండో ముడి అతని అరచేతికి తగిలినప్పుడు ఆమె వేళ్లు అతని వేళ్ల మీద బిగుసుకున్నాయి.

"నా కళ్లకు ఇప్పుడు కనపడకుండా పోయింది," అంది ఫెలిష్మీనా.