చేతివాటం

బస్సు దిగుతూనే రమేశ్‌కు ఒళ్ళు మండిపోయింది.

మెదక్ బస్టాండు గోడకు ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఫ్లెక్సీ కట్టి ఉంది. ఎవరో చీరల దుకాణం వాళ్ళ పండగ తగ్గింపు ప్రకటన. రేట్ల వెనకాల ఎర్రటి రంగు. ఆ ఎరుపు మీద నాట్లు వేసే ఆడవాళ్ళు, వడ్లు దంచే ఆడవాళ్ళు, బంతిలో వడ్డించే ఆడవాళ్ళు. పొద్దున కౌడిపల్లి బడిలో రమేశ్ గొంతెత్తి కథ చెబుతూ పిల్లలకు చూపించిన చేర్యాల పటమే అది. అసలుది చుట్టి భార్య మహతి చంకలో ఉంది. నకలు గోడ మీద గాలికి కొట్టుకుంటోంది.

దుకాణం పేరుంది, ఫోను నంబరుంది, కింద మూలన ఫ్లెక్సీ కొట్టిన మన్సూర్ పేరు కూడా ఉంది. బొమ్మ గీసిన మనిషి పేరు మాత్రం లేదు.

ఎవరికైనా కోపం రాదా మరి? గుడ్డకు చింతగింజల జిగురు పట్టించి, ఎండబెట్టి, కళ్ళు లాగేలా కూర్చుని ఒక్కో బొమ్మా గీస్తే, ఎవడో ఫోను ఎత్తి ఫొటో తీసుకుని గోడకు కట్టుకుంటాడు. దొంగతనమంటే ఇంటికి కన్నం వేయడమొక్కటేనా?

రమేశ్ ఆటో కోసం కూడా ఆగలేదు. చర్చి రోడ్డులో ఉన్న మన్సూర్ దుకాణానికి నడిచే పోయాడు. వెనకాలే మహతి.

“గా చీరల ఫ్లెక్సీ కొట్టింది నువ్వేనా?”

“నేనే అన్నా. ఏమైంది?” మన్సూర్ కంప్యూటరు మీంచి తలెత్తాడు.

“గా బొమ్మ ఎవలిది?”

“నాకేం తెల్సు? సేటు వాట్సప్‌ల పంపిండు, కొట్టిన.”

“ఒకరి చేతిపని ఎత్తుకొచ్చి, దాని మీద నీ పేరు ఏసుకుంటవా? దీన్ని ఏమంటరో ఎర్కేనా? చేతివాటం అంటరు.”

“జర మాట మంచిగ రానియ్యుండ్రి. నేను దొంగను కాదు. ఇసొంటి బొమ్మలు మస్తు మంది గీస్తరు. అది మీదే అని యాడ రాసుంది?”

రమేశ్ కౌంటరు మీద గట్టిగా చరిచాడు. పక్క దుకాణాల వాళ్ళు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. లోపలి గదిలోంచి మన్సూర్ తల్లి తాజ్ బీ కూడా వచ్చింది.

“రాయలే. రాసే అక్కెర లేదు,” అన్నాడు రమేశ్. తర్వాత భార్య వైపు తిరిగాడు. “పటం ఇప్పు.”

మహతి చుట్ట విప్పి కౌంటరు మీద పరిచింది. “పోనియ్యి. ఇంటికి పోదాం,” అంది మెల్లగా.

“నువ్వూకో. బొమ్మల సంగతి నీకేం తెల్సు?”

రమేశ్ కుడిచేతి చూపుడు వేలితో ఒక్కో బొమ్మనూ పొడిచినట్టు చూపించాడు. “చూడు. ఈమె నారు ఏ చేత్తోని నాటుతుంది? ఎడమ చేత్తోని. ఈమె రోకలి ఏ చేత్తోని పట్టింది? ఎడమ చేత్తోనే. ఈమె అన్నం సుత ఎడమ చేత్తోనే పెడుతుంది. లోకంల ఎవలన్న ఎడమ చేత్తోని అన్నం పెడ్తరా? మా పటంలనే పెడ్తరు.”

మన్సూర్ తెర మీద ఫ్లెక్సీ బొమ్మను పెద్దది చేసి చూశాడు. నాటే చెయ్యి, దంచే చెయ్యి, వడ్డించే చెయ్యి, అన్నీ ఎడమవే.

“గిట్లెందుకు గీసిండ్రు బేటా?” అని అడిగింది తాజ్ బీ.

“మా మామ లక్ష్మయ్య చేర్యాలల పేరున్న నకాషీ. బొమ్మలు నేర్పేటప్పుడు గిది తప్పు, మార్చు అని చేతి మీద కట్టెతోని కొట్టేటోడు. అయినా మారలే. ఇప్పుడు గదే గుర్తయింది.”

మహతి తల వంచుకుని పటం అంచు సరిచేసింది.

తాజ్ బీ కొడుకు భుజం మీద చెయ్యి వేసింది. “ఒకరి కష్టం మీద మన పేరెందుకు? గీసినోళ్ళ పేరే వెయ్యి.”

“తప్పయింది అన్నా. గది తీపిచ్చి పేరుతోని మళ్ళ కొట్టిస్త,” అన్నాడు మన్సూర్.

అక్కడితో కోపం దిగాలి. దిగలేదు. దిగాల్సిన పనీ లేదు. ఇన్నేళ్ళుగా అనామకంగా పోయిన బొమ్మలు ఎన్ని లేవు?

“ఉత్తగ తప్పయింది అంటె సరిపోతదా?” అన్నాడు రమేశ్. “పని ఒకరిది, పేరు ఇంకొకరిది. గిది ఎన్నడు ఆగాలె? గీసిన చెయ్యి ఎవలిదో ఊరంత తెల్వాలె.”

గుమ్మం దగ్గరి వాళ్ళు నిజమేనన్నట్టు తలలూపారు. మహతి మొదటిసారి తలెత్తి మొగుడి ముఖంలోకి చూసింది.

“ఏం పేరు కొట్టాలె?” మన్సూర్ అడిగాడు.

“రమేశ్, నకాషీ కళాకారుడు. పెద్దక్షరాలల్ల కొట్టు.”

మన్సూర్ టైపు చేసి, కాగితం మీద ప్రింటు తీసి కౌంటరు మీద పెట్టాడు. పక్కనే ఒక ఎర్ర స్కెచ్ పెన్ను కూడా పెట్టాడు.

“ఒక్కపారి చూసుకోండ్రి. తప్పుంటె దిద్దుండ్రి. ఫ్లెక్సీ మీద పడినంక మార్చరాదు.”

రమేశ్ కాగితాన్ని పైకెత్తి అందరికీ వినబడేలా చదివాడు. చదివి మళ్ళీ కౌంటరు మీద పెట్టాడు. “ఏం తప్పు లేదు. కొట్టు.”

“ఉంది,” అంటూ మహతి ఎర్ర పెన్నును ఎడమ చేత్తో అందుకుంది.